కార్డులో 120/80, కాన్పు గదిలో ఫిట్స్

గర్భిణి కార్డు తెరిస్తే బీపీ గడిలో నాలుగో నెల 120/80. ఆరో నెల 120/80. ఎనిమిదో నెలా అదే. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆమెకు ఫిట్స్ వచ్చి, తల్లో బిడ్డో దక్కకుండా పోతే అదే కార్డు చూపించి చెబుతారు: 'అంతా బాగానే ఉంది, ఉన్నట్టుండి ఇలా అయింది' అని. ఉన్నట్టుండి ఏమీ కాలేదు. నెలల తరబడి ఆమె చేతికి ఎవరూ బీపీ పట్టీ చుట్టలేదు. చుట్టకుండానే అంకె రాశారు. ఈ పత్రిక ఆగ్రహం రోగం మీద కాదు, ఆ రాత మీద.

మామూలుగా గర్భం నడుమ నెలల్లో బీపీ కాస్త తగ్గుతుంది, చివరి నెలల్లో మళ్లీ పైకి వస్తుంది. ఒంట్లో రక్తనాళాలు సడలడం వల్ల జరిగే సహజమైన మార్పు ఇది. కాబట్టి మొదటి నుంచి చివరి దాకా గీత గీసినట్టు ఒకే అంకె ఉన్న కార్డు ఆరోగ్యానికి గుర్తు కాదు, అది అనుమానించాల్సిన కార్డు. చూసి రాసిన అంకెలు 112/68, 106/64, 124/78 అన్నట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి. పర్యవేక్షణ అధికారికి ఈ తేడా పట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు. పట్టుకోవడం లేదంటే చూడటం లేదనే అర్థం.

ఒక్కొక్క నర్సు ముందు పదుల సంఖ్యలో గర్భిణులు బారులు తీరి ఉంటారని, పరికరాలు చెడిపోయి ఉంటాయని అనేవారున్నారు. ఆ ఇబ్బంది నిజమే. పరికరం చెడితే గడి ఖాళీగా వదలాలి, 'చూడలేదు' అని రాయాలి. ఖాళీ గడిని చూసి తర్వాతి డాక్టర్ జాగ్రత్తపడతారు. అబద్ధపు 120/80 చూసి నిశ్చింతగా పంపేస్తారు. తేడా అక్కడే ఉంది.

బీపీ చూడటం కష్టమైన పనేమీ కాదు, కానీ దానికో పద్ధతి ఉంది. మూత్రానికి వెళ్లి వచ్చాక 5 నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టాలి; ఆ 5 నిమిషాలూ వరుసలో వేసిన కుర్చీలోనే గడిచిపోతాయి, నర్సు సమయం తినవు. వీపు ఆనాలి, పాదాలు నేలకు తగలాలి, కాలు మీద కాలు ఉండకూడదు, చేయి గుండె ఎత్తులో ఆసరాగా ఉండాలి, మాట్లాడించకూడదు. పట్టీలోని రబ్బరు సంచి దండ (మోచేతికి పై భాగం) చుట్టుకొలతలో 80 శాతం దాకా రావాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, సన్నని చేతికి పెద్దది చుడితే ఉన్నదాన్ని తక్కువ చూపిస్తుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకున్న గర్భిణికి పైనున్న కుడి చేతికి చూస్తే చేయి గుండె కంటే ఎత్తులో ఉండటం వల్ల అంకె 10కి పైగా తగ్గిపోతుంది. 'పడుకోబెట్టి చూస్తే తగ్గింది' అని ఇంటికి పంపే మాట వెనక తరచూ ఉండేది ఇదే. పై అంకె 140కి గానీ, కింది అంకె 90కి గానీ చేరితే కనీసం 4 గంటల తర్వాత మళ్లీ చూడాలి. 160/110 అయితే అంతసేపు ఆగకూడదు, 15 నిమిషాల్లో రెండోసారి చూసి మందు మొదలుపెట్టాలి.

20 వారాల తర్వాత కొత్తగా పెరిగిన బీపీకి మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్) తోడైతే అది ప్రీఎక్లాంప్సియా. ఆల్బుమిన్ లేకపోయినా ప్లేట్‌లెట్లు లక్షకు దిగువకు పడిపోయినా, కాలేయం, కిడ్నీ దెబ్బతిన్నా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నా అదే రోగం. అసలు తప్పు మాయ (ప్లాసెంటా) దగ్గర మొదలవుతుంది. గర్భసంచిలోని సన్నని ధమనులు మాయ కోసం వెడల్పు కావాల్సినంత కావు. రక్తం చాలని మాయ వదిలే పదార్థాలు తల్లి రక్తనాళాల లోపొరను పాడుచేస్తాయి. అందుకే ఒకే రోగం మెదడులో ఫిట్స్‌గా, కాలేయంలో నొప్పిగా, బిడ్డలో ఎదుగుదల ఆగిపోవడంగా బయటపడుతుంది. మాయ ముందే విడిపోయి లోపల రక్తం కారిపోవచ్చు. కుడి డొక్కలో పైన వచ్చే నొప్పిని గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చి పంపేస్తే, అది ఉబ్బిన కాలేయం కావచ్చు.

మూత్రపరీక్ష గడిలోనూ ఇదే రాత. 'నిల్' అని బారుగా రాసుకుంటూ పోవడం. మూత పెట్టకుండా వదిలేసిన డబ్బాలో తేమ పట్టిన మూత్రపరీక్ష పట్టీలతో చూసినా, రంగు చదవాల్సిన సమయం దాటాక చదివినా ఫలితం నమ్మదగ్గది కాదు. అసలు చూడకుండా రాసిన 'నిల్' గురించి చెప్పేదేముంది!

మొదటి బీపీ 3 నెలలు నిండకముందే ఎందుకు చూడాలో కూడా చెప్పుకోవాలి. గర్భానికి ముందు నుంచే బీపీ ఉన్న స్త్రీకి అయిదో నెలలో మొదటిసారి చూస్తే, ఆ నెలల్లో సహజంగా వచ్చే తగ్గుదల రోగాన్ని కప్పేస్తుంది. అసలు అంకె చేజారిపోతుంది, దాంతోపాటు ఆస్పిరిన్ అవకాశమూ పోతుంది. గత కాన్పులో ఈ జబ్బు వచ్చినవారికి, ముందే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, లూపస్ ఉన్నవారికి, కవలలు మోస్తున్నవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ 12వ వారం నుంచి, ఆలస్యమైనా 16వ వారంలోపు డాక్టర్ సలహాతో మొదలుపెడితే ముప్పు తగ్గుతుంది. 2017లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, రిస్కు ఎక్కువని తేలిన స్త్రీలకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా సగానికి పైగా తగ్గింది. ఏడో నెలలో గుర్తొచ్చి మొదలుపెడితే ఆ మేలు అందదు.

ఇక తీవ్రమైన బీపీతో వచ్చిన స్త్రీని 'పై ఆసుపత్రికి రిఫర్' అని చీటీ రాసి పంపేయడం. ఇదీ కాగితంతో చేతులు దులుపుకోవడమే. ఫిట్స్‌ను అడ్డుకునే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు బండి ఎక్కించే ముందే పడాలి: నరంలోకి 4 గ్రాములు, 20 శాతం ద్రావణంగా పలుచన చేసి కనీసం 5 నిమిషాలు తీసుకుని నెమ్మదిగా, రెండు పిరుదుల్లో లోతుగా 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు. 50 శాతం ద్రావణంలో 1 గ్రాము అంటే 2 మిల్లీలీటర్లు. ఈ మందు గుర్రపువాతాన్ని (ఎక్లాంప్సియా, అంటే ఈ రోగంతో వచ్చే ఫిట్స్‌ను) సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాల్లో సుమారు 10 వేల మంది స్త్రీలతో జరిగిన మాగ్పై అధ్యయనం 2002లోనే తేల్చింది. అయినా 'ఊపిరి ఆగిపోతుందేమో' అనే భయంతో సీసా బీరువాలోనే ఉండిపోతోంది. ఊపిరి మందగించే ముందు మోకాలి కుదుపు (మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరడం) పోతుంది, అదే హెచ్చరిక. తర్వాతి మోతాదుకు ముందు మోకాలి కుదుపు ఉందా, శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గలేదు కదా, మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు వస్తోందా చూడాలి. విరుగుడుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు పక్కనే సిద్ధంగా ఉంచుకోవాలి. మెగ్నీషియం బీపీ మందు కాదు. దానికి లాబెటలాల్ గానీ, హైడ్రలజీన్ గానీ, నోటితో మింగించే నిఫెడిపైన్ గానీ విడిగా ఇవ్వాలి. లేదంటే ఫిట్స్ ఆగినా మెదడులో నరం చిట్లవచ్చు. రిఫరల్ చీటీలో 'బీపీ ఎక్కువ' అన్న రెండు మాటలు పనికిరావు. అంకె, చూసిన సమయం, ఇచ్చిన మందు, మోతాదు ఉండాలి.

కాన్పు అయిపోతే గండం గడిచినట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. బాలింతకు బీపీ బాగా పెరిగేది 3వ రోజు నుంచి 6వ రోజు లోపు. సరిగ్గా దానికి ముందే, 2వ రోజున, డిశ్చార్జి కాగితంలో 'నార్మల్' అని రాసి పంపేస్తున్నారు. ఇంట్లో తలనొప్పి మొదలైతే నిద్ర చాలలేదని సర్దిచెబుతారు. రక్తస్రావం ఆపడానికి మెథర్జిన్ ఇచ్చే ముందు కూడా బీపీ చూడాలి, ఎక్కువ ఉన్న తల్లికి ఆ సూది వేయకూడదు. కార్డులో 120/80 అని అబద్ధం ఉంటే ఆ సూది వేసేవారికి తెలిసేదెలా?

ప్రపంచవ్యాప్తంగా ప్రసూతి మరణాల్లో దాదాపు 16 శాతం బీపీ సంబంధిత సమస్యల వల్లే. రక్తస్రావం తర్వాత రెండో స్థానం దీనిదే. మాతృమరణాల విచారణ జరిగినప్పుడు కమిటీ ముందుకు వచ్చేది ఆ కార్డే. కల్పిత అంకెను ఒకసారి ఆధారంగా ఒప్పుకుంటే తర్వాతి మరణం కూడా 'ఆకస్మికం' ఖాతాలోకే పోతుంది, ఆ తర్వాతిదీ అంతే. బీపీ పట్టీ కొనమని ఎవరూ అడగరు, ఎందుకంటే కాగితం మీద అందరికీ బీపీ చూసేసినట్టే ఉంది.

రాసిన అంకె పక్కన చూసినవారి సంతకం, సమయం ఉండాలి. ఒకే అంకె మూడుసార్లు కనబడిన కార్డును పర్యవేక్షకులు అక్కడికక్కడే మళ్లీ చూపించి సరిచేయించాలి. విచారణ కమిటీలు 'ఉన్నట్టుండి' అన్న మాటను నివేదికలోకి రానివ్వకూడదు. చూడని బీపీని చూసినట్టు రాసిన చేయి, దాన్ని తనిఖీ చేశామని కింద సంతకం పెట్టిన చేయి, రెండూ ఆ తల్లి ఇంటివారికి జవాబు చెప్పాలి.