సర్వేకి సొమ్ము ఎవరిది?

ఎన్నికల వాసన తగిలితే చాలు, హన్మకొండ చౌరస్తాలో, ఎనుమాముల మార్కెట్‌లో మైకులు వాలిపోతాయి. పత్తి బస్తాల పక్కన నిలబడ్డ రైతును పట్టుకుని ‘ఈసారి మార్పు ఖాయం అంటున్నరు, నువ్వేమంటవ్ పెద్దాయనా?’ అని అడుగుతారు. జవాబు కూడా వాళ్లే అందిస్తే ఆయన మాత్రం ఏమంటాడు? ఊరి నాయకుడు నాలుగడుగుల దూరంలో ఉన్నాడాయె. ‘చూద్దాం సార్, ఇంకా టైమున్నది కదా’ అని తప్పించుకుంటాడు. రాత్రికల్లా ఇదంతా ‘ఉత్తర తెలంగాణ నాడి’ అనే సర్వే పేరుతో వాట్సాప్ గ్రూపులకెక్కుతుంది.

లెక్కలోకి వెళ్దాం. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు, బీఆర్ఎస్‌కు మధ్య ఓట్ల తేడా సుమారు 2 శాతం. సీట్లు మాత్రం 64, 39. వెయ్యి మందిని పద్ధతిగా ఎంచుకుని అడిగినా ఫలితం 3 శాతం అటూ ఇటూ కావడం మామూలే. అంటే గెలుపోటముల తేడా కన్నా సర్వేలో తప్పుకు ఉన్న వీలే ఎక్కువ. పైగా రాష్ట్రమంతటా వెయ్యి మందిని అడిగితే 119 స్థానాల్లో ఒక్కోదానికి దక్కేది ఎనిమిది మంది. ఉమ్మడి వరంగల్‌లోని 12 స్థానాలకూ కలిపి వంద మంది! వాళ్లను చూపించి పరకాలలో ఎవరు, పాలకుర్తిలో ఎవరు అని స్టూడియోలో కూర్చుని తేల్చేస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

2018లో పోలింగ్ ముగిసిన సాయంత్రం మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ తన సర్వే చూపించి కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రజాకూటమికే మొగ్గు అన్నారు. డిసెంబర్ 11న టీఆర్ఎస్‌కు (ఇప్పటి బీఆర్ఎస్) 88 సీట్లొచ్చాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎగ్జిట్ పోల్స్‌ను (ఓటేసి వచ్చినవాళ్లను అడిగి చేసే సర్వేలను) నమ్మి జూన్ 3న షేర్ మార్కెట్ ఎగిరింది, మర్నాడు ఫలితాలు రాగానే కుప్పకూలింది.

అంచనా తప్పడం పెద్ద విషయం కాదు. పోటీలో ఎవరున్నారో ముందే తేల్చేయడంతోనే పేచీ. 2023లో కామారెడ్డి గురించి చర్చంతా కేసీఆర్, రేవంత్ రెడ్డి చుట్టూనే తిరిగింది. గెలిచింది బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణా రెడ్డి. అలా నెగ్గుకొచ్చేవాళ్లు ఎందరు? ‘రేసులో లేడు’ అని ముద్ర పడ్డాక కెమెరా రాదు, చందా రాదు, వెంట తిరిగే కార్యకర్త కూడా మెల్లగా జారుకుంటాడు. గాలి ఎటు వీస్తోందన్న గోలలో మిర్చి ధర గురించీ, వానొస్తే మునిగే వరంగల్ కాలనీల గురించీ అభ్యర్థిని అడిగే తీరికే ఉండదు.

ఎగ్జిట్ పోల్స్‌కు ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ కళ్లెం వేసింది. ముందస్తు సర్వేలకు మాత్రం పోలింగ్ ముగిసే ముందరి 48 గంటలే అడ్డు. అదీ టీవీల వంటి వాటికే. అయినా నిషేధించమని మేము అడగం. జనం మనసు తెలుసుకోవడం నేరమేమీ కాదు. సర్వే ఎవరు చేశారు, ఎవరు చేయించారు, ఎంతమందిని ఎలా ఎంచుకున్నారు, ఎంత శాతం తేడా రావచ్చు అన్నవి స్పష్టంగా వేయాలని ప్రెస్ కౌన్సిల్ 1996లోనే పత్రికలకు చెప్పింది. అడిగిన ప్రశ్న కూడా మాటమార్చకుండా వేయాలన్నది మా మాట. టీవీలకూ, యూట్యూబ్ ఛానళ్లకూ ఇదే వర్తించాలి. ఈ వివరాలు ఇవ్వలేని సర్వేలను ప్రకటనగానే వేసుకోవచ్చు. దానికి రేటు కార్డు ఎలాగూ ఉంది.