రైలు గుద్దినప్పుడు కాళ్లకు ఏమున్నది?

మా మేనకోడలు అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్నది. అమెరికా ఆసుపత్రులలో డాక్టర్లు రాసిన రికార్డులను చదివి, ప్రతి రోగానికీ, ప్రతి దెబ్బకూ తగిన కోడ్ వేయడమే ఆ విద్య అనీ, బిల్లులు ఆ కోడ్‌లతోనే బీమా కంపెనీలకు వెళతాయనీ ఆమె వివరించినప్పుడు నాకు గౌరవమే కలిగింది. మొన్న రాత్రి భోజనాల వేళ వరకు ఆ గౌరవం చెక్కుచెదరలేదు. ఎడమ చేత్తో దిమ్మె లాంటి పుస్తకాన్ని తెరిచి పట్టుకుని, కుడి చేత్తో పప్పన్నం కలుపుకుంటూ, "మామయ్యా, రోలర్ స్కేట్లు వేసుకున్న పాదచారిని రైలు ఢీకొంటే వీ05.01" అని ఆమె ఎక్కం అప్పజెప్పినట్లు అప్పజెప్పింది. నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

2015 అక్టోబరు 1 నుంచి అమెరికాలో అమలులో ఉన్న ఐసీడీ-10-సీఎం అనే ఈ మహాగ్రంథంలో రమారమి 70 వేల కోడ్‌లు ఉన్నాయి. బాతు ఢీకొన్నవారికి కూడా అందులో ఒక కోడ్ ఉన్నదని లోకం ఇదివరకే నవ్వుకున్నది కనుక దాని జోలికి పోను. నా పేచీ వీ05తోనే. రైలు గుద్దిన పాదచారి ఆ సమయంలో కాలినడకన ఉన్నాడా, రోలర్ స్కేట్ల మీద ఉన్నాడా, స్కేట్‌బోర్డు మీదనా, నిలబడి నడిపే ఎలక్ట్రిక్ స్కూటర్ మీదనా, ఆ జాతికే చెందిన మరొక దాని మీదనా, ఇవేవీ కాని 'ఇతర' సాధనంతోనా అన్నది ముందుగా తేల్చాలి. ఇవి ఆరు. అది ట్రాఫిక్ ప్రమాదమా, నాన్ ట్రాఫిక్ ప్రమాదమా, చెప్పలేమా అన్నది తరువాత తేల్చాలి. పద్దెనిమిది అయ్యాయి. చికిత్స ఇంకా సాగుతున్నదా, కోలుకుంటూ మళ్లీ వచ్చాడా, ఎన్నడో తగిలిన దెబ్బ శేషాన్ని ఇప్పుడు అనుభవిస్తున్నాడా అన్నదాన్ని బట్టి చివర ఎ, డి, ఎస్‌లలో ఒక అక్షరం తగిలించాలి. వెరసి 54. మనిషిని గుద్దడంలో ఇన్ని విధాలు ఉన్నాయని రైలుకు సైతం తెలిసి ఉండదు.

ఇందులో ట్రాఫిక్ మీమాంస వేదాంతుల స్థాయికి చెందినది. పబ్లిక్ రోడ్డు మీద జరిగినదే ట్రాఫిక్ ప్రమాదమని గ్రంథం నిర్వచించింది. కాబట్టి గేటు దగ్గర, రోడ్డును దాటుతూ రైలు గుద్దితే అది ట్రాఫిక్; అక్కడికి నాలుగు అంగల దూరంలో, తన పట్టాల మీద తన దారిన తాను పోతూ గుద్దితే నాన్ ట్రాఫిక్. పట్టాల మీద రైలు తిరగడం రాకపోకల కిందికి రాదన్నమాట.

ఇక ఆ స్కేట్ల మహానుభావుణ్ణి ఊహించుకోండి. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు. మా అమ్మాయి లాంటి పిల్ల ఒకతె ఏసీ చలికి చున్నీ కప్పుకుని రికార్డు తెరుస్తుంది. 'స్కేటింగ్ చేస్తుండగా రైలు ఢీకొన్నది' అని మాత్రమే రాసి ఉన్నది. ఏ స్కేటింగు? చక్రాలు బూటుకు ఉన్నాయా, పలకకు ఉన్నాయా? అసలు చక్రాలేనా, మంచు మీద జారే స్కేట్లా? మంచు స్కేట్లయితే 'ఇతర'ములలో పడతాయి. తోచినది వేయరాదు కనుక డాక్టరుకు ప్రశ్న పంపుతుంది. సముద్రాల అవతల ఆయన, తెగిన కాలికి కుట్లు వేయడం ఆపి, మూలన పడి ఉన్న బూటును తిరగేసి, చక్రాలను లెక్కపెడతాడు. జవాబు వస్తుంది. అయినా వీ05ను మొదట వేయకూడదు. తెగిన కాలి కోడ్ ముందు, తెగిన కారణం వెనుక. ఆపైన ఘటనాస్థలం రైలు పట్టాలని వై92.85, అతడు చేస్తున్న పని స్కేటింగ్ అని వై93.51 జత చేయాలి. స్కేట్లు రెండోసారి నమోదయ్యాయి. ఇంత శ్రమా పడ్డాక తెలిసేది ఏమిటంటే, ఈ బాహ్య కారణాల కోడ్‌లు వేసి తీరాలన్న నిబంధన అమెరికాలో దేశం మొత్తానికీ వర్తించేది లేనే లేదు.

అన్నట్టు, 'ఇతర' సాధనాల బుట్టలో మంచు మీది స్లెడ్జి బండి, పసిబిడ్డను తోసే బండి, చక్రాల కుర్చీ కలిసి ఉంటాయి. సరదాకు జారేవాడిని, కాళ్లు లేక కుర్చీలో కదిలేవాడిని ఒకే అంకెలోకి తోసిన ఈ సూక్ష్మదృష్టికి నమస్కారం.

మనకు ఈ తలనొప్పి లేదు. మన రైల్వేకు 54 అక్కరలేదు, ట్రెస్‌పాసర్ అన్న ఒక్క మాట చాలు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీదికి అక్రమంగా వెళ్లడం నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఏటా దాదాపు 15 వేల మంది ఈ అక్రమప్రవేశంలోనే చచ్చిపోతున్నారనీ, వారిలో సుమారు 6 వేల మంది ముంబై లోకల్ రైళ్ల కింద పడుతున్నారనీ, ఇది మారణకాండ అనీ రైల్వే భద్రతను సమీక్షించిన అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లోనే రాసింది. అయినా మనకు అవి రైలు ప్రమాదాలు కావు. ఊరి మధ్య నుంచి లైను వేసి, బడిని ఒక వైపు, ఇళ్లను మరొక వైపు వదిలి, వంతెన కట్టడం మరచిపోయి, ఆ పిల్లవాడు పట్టాలు దాటితే వాడిని నేరస్థుడనే ఈ వ్యవస్థకు సిగ్గన్నది ఉన్నదా? ఆ 54లో గానీ, మన ఒక్క మాటలో గానీ, వాడు అక్కడికి ఎందుకు వచ్చాడన్న ప్రశ్న ఉన్నదా?

2020 మే 8 తెల్లవారుజామున మహారాష్ట్రలో కర్మాడ్ దగ్గర 16 మంది వలస కూలీల మీదుగా గూడ్సు బండి వెళ్లింది. లాక్‌డౌన్‌లో పని పోయి, మధ్యప్రదేశ్‌లోని ఇళ్లకు చేర్చే రైలు కోసమని జాల్నా నుంచి రాత్రంతా పట్టాల వెంట నడిచి, రైళ్లు తిరగడం లేదనుకుని ఆ పట్టాల మీదనే నిద్రపోయారు. వారు దారికి తెచ్చుకున్న రొట్టెలు కంకర మీద చెదిరి ఉండడం దేశమంతా చూసింది. పట్టాల మీద పడుకుంటే ఎవరు మాత్రం ఆపగలరన్న మాట వారం తిరిగేసరికి సుప్రీంకోర్టులో వినిపించింది.

వారికి ఏ కోడ్ వేస్తావని మా అమ్మాయిని అడిగాను. ఆమె ఎంగిలి చేయి కడుక్కుని వచ్చి, పాదచారి నిర్వచనం చూసింది. ఆ సమయంలో ఏ వాహనం మీదా లేనివారందరూ పాదచారులే, నిద్రపోతున్నా సరే.

"వీ05.00, మామయ్యా. నాన్ ట్రాఫిక్. కాలినడకన."