పూజగది సొరుగులోని పెన్ డ్రైవ్ గారికి

మహారాజశ్రీ పెన్ డ్రైవ్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. నా కుశలానికేమీ లోటు లేదు గాని, తమరి కుశలం మీద నమ్మకం సడలినందువల్లే ఈ లేఖ రాయవలసి వస్తోంది.

కంప్యూటర్ కొన్న నాటి నుంచి, ఫైళ్ల నకళ్లు దేనిలో దాచాలన్న విచారణ మా ఇంట్లో పెళ్లిచూపుల తంతులా సాగుతూనే ఉంది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ రెండు ఫొటోలకే ఆయాసపడింది. ఆ తరువాత వచ్చిన 700 మెగాబైట్ల సీడీలు పైరేకు పొలుసులుగా ఊడిపోగా, ఇప్పుడు పెరటి జామచెట్టుకు వేలాడుతూ చిలకలను బెదిరిస్తున్నాయి. ఆ పని మాత్రం చక్కగా చేస్తున్నాయి. చివరికి, జేబులో ఇమిడిపోయే 16 గిగాబైట్ల తమరు అందరికీ నచ్చారు.

అయితే, లోపల 11 గిగాబైట్ల ఖాళీ ఉందని తమరే చూపిస్తూ, 5 గిగాబైట్ల మా చెల్లెలి పెళ్లి వీడియోను గడప దగ్గరే ఆపేశారు. తమరిది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ (ఫైళ్లను లోపల అమర్చే పద్ధతి) అనీ, ఎంత ఖాళీ ఉన్నా 4 గిగాబైట్లు, అంతకు మించిన ఫైలు ఒక్కటైనా అందులో పట్టదనీ తెలుసుకోవడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. పెద్ద ఫైళ్లనూ రానిచ్చే ఎక్స్‌ఫ్యాట్‌ ఫార్మాట్‌కు మారుద్దామంటే లోపలున్నదంతా తుడిచేయాలి. తుడిచేముందు దాన్ని ఎక్కడ దాచాలన్న ప్రశ్నతో విచారణ మళ్లీ మొదటికొచ్చింది.

తమరిని కుంకుమ భరిణె పక్కన పెట్టి, ఏటా ఆయుధపూజకు బొట్టు పెట్టామే తప్ప చాలాకాలం కంప్యూటర్‌కు తగిలించలేదు. తమరి చిప్పు దాచుకున్న విద్యుదావేశం ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే మెల్లగా కారిపోవచ్చునని, అప్పుడు ఫైళ్లూ దానితోపాటే పోతాయని మాకు అప్పట్లో తెలియదు.

అసలు తప్పు నాదేనని ఒప్పుకుంటాను. కంప్యూటర్‌లో ఉన్నది ఉన్నట్టుగా డ్రైవులోకి దించే సింక్ ప్రోగ్రాం ఉంటే చాలునని మా అబ్బాయి చెబితే, తమరిని మళ్లీ బయటికి తీసి కంప్యూటర్‌కు తగిలించి, అది పెట్టించాను. పొలం కాగితాల ఫోల్డర్‌ను నేను పొరపాటున తొలగించిన సాయంత్రమే, ఆ ప్రోగ్రాం అంతే భక్తిశ్రద్ధలతో తమరిలోంచి కూడా తొలగించింది. అద్దంలో ప్రతిబింబాన్ని నకలు అనుకున్నందుకు, ఆ కాగితాలన్నీ మళ్లీ స్కాన్ చేయించుకుని తిరిగాను.

అందుచేత తమరి స్థానంలో రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులను నియమించాను. ఫైళ్ల పాత ప్రతులను వెంటనే చెరపకుండా తేదీల వారీగా ఉంచుతాను. ఒకటి మా బీరువాలో, మరొకటి రాజమండ్రిలో చెల్లెలి ఇంట్లో ఉంటూ పండుగకొకసారి చోట్లు మార్చుకుంటాయి. కాపీ అవగానే కేబుల్ పీకేయడం నియమం. ఎందుకంటే 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నింటిని కూడా వదలని వానాక్రై అనే, ఫైళ్లను బందీ చేసి డబ్బు అడిగే వైరస్, తగిలించి ఉన్న డ్రైవుల్లోని ఫైళ్లకు సైతం తాళం వేసింది. మొన్న బీరువాలోని డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, పెళ్లి వీడియోను తలంబ్రాల దాకా చూశాం. నకలు తీయడమే గాని తెరిచి చూడటం మా ఇంట్లో అదే మొదటిసారి.

తమరిని ఉద్యోగంలోంచి తీసేయడం లేదు. ఇకమీదట ఆధార్ ప్రింట్ల కోసం జిరాక్స్ షాపుకు వెళ్లి రావడం తమరి విధి. అక్కడి నుంచి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి వచ్చిన అనుభవం దృష్ట్యా, యాంటీవైరస్ పరీక్ష కానిదే ఇంటి కంప్యూటర్‌లోని ఏ ఫైలునూ తాకరాదు.

మరొక విన్నపం: తమరి మూత ఎక్కడ పడిపోయిందో గుర్తుంటే తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు