ముందు అలైన్‌మెంట్ చేయించండి సార్!

బెజవాడలో పాత కారు నడిపేవాళ్లందరికీ శుభవార్త. మన బండ్లకు వచ్చే సమస్త రోగాలకూ ఒకే మందు కనిపెట్టేశారు. దాని పేరు వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో నిలబడేలా సరిచేయడం. బండి ఎడమకి లాగుతోందా? అలైన్‌మెంట్. గతుకులో పడితే కింద టకటకమంటోందా? అలైన్‌మెంట్. స్టీరింగ్ తిప్పుతుంటే మూలుగుతోందా? ముందు అలైన్‌మెంట్ చేయించండి సార్, తర్వాత చూద్దాం. ఆ ‘తర్వాత’ ఏ పంచాంగంలోనూ ఉండదు. హారన్ మోగడం లేదని వెళ్లినా ఏదో ఒకరోజు ఇదే చెబుతారు. మనమూ తల ఊపి, డబ్బులు కట్టి, కొత్త బండి ఎక్కినట్టు కూర్చుని ఇంటికొస్తాం.

ఈ మందుకు ఇంత గిరాకీ రావడంలో మన రోడ్ల సేవను తక్కువ చేయకూడదు. స్పీడ్ బ్రేకర్ అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసిపెట్టింది. మన సందుల్లో మాత్రం ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు ఎంతుంటే అంత ఎత్తు. గుంటూరులో డ్రైనేజీ కోసం తవ్వి పూడ్చిన వీధుల్లో తిరిగిన కారు గురించి వేరే చెప్పక్కర్లేదు. రోడ్ల సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం. నా బాధ అలైన్‌మెంట్ చేసే షెడ్డు గురించి.

షెడ్డులోకి వెళ్లగానే కారును ర్యాంపు ఎక్కిస్తారు. నాలుగు చక్రాలకు నాలుగు బిళ్లలు తగిలిస్తారు. ఎదురుగా కెమెరాలు, పెద్ద తెర. ఇరవై ఏళ్లయినా నిండని కుర్రాడు మౌస్ పట్టుకుని ఆపరేషన్‌కి సిద్ధమైన సర్జన్‌లా నిలబడతాడు. మొదట లిస్టులో మన మోడల్ వెతుకుతాడు. పైకి వెళ్తాడు, కిందికి వస్తాడు, దొరకదు.

“ఇది లేదు సార్. దీనికి దగ్గర్లో ఉన్నది పెట్టేస్తా.”

దగ్గర్లో ఉన్నదంటే ఏమిటో అడక్కండి. అదే కంపెనీది కావచ్చు, అదే రంగుది కావచ్చు. తెర మీద మాత్రం తళతళలాడే కారు బొమ్మ వస్తుంది, అది మనది కాదు. పక్కన అంకెలు, కొన్ని ఎర్రగా, కొన్ని పచ్చగా. కుర్రాడు కిందికి దిగి రెండు పానాలతో ఏదో తిప్పుతాడు. ఒక ఎరుపు పచ్చబడుతుంది. మనకు బీపీ తగ్గుతుంది. ఇంకో రెండు ఎరుపులు అలాగే ఉంటాయి.

“అవేంటి బాబూ?”

“కాంబర్, క్యాస్టర్ సార్. ఈ బండికి అడ్జస్ట్ అవ్వవు.”

ఇక్కడ ఒక్క విషయం ఒప్పుకోవాలి, కుర్రాడు అబద్ధం చెప్పలేదు. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అనే ‘టో’ ఒక్కటే తిప్పి సరిచేసే వీలుంటుంది. చక్రం నిలువుగా ఉందా, వాలిందా అని చెప్పే కాంబర్‌కూ, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో ఎంత వాలిందో చెప్పే క్యాస్టర్‌కూ నట్టూ బోల్టూ ఉండవు. మన మోడల్ అంకెలే పెట్టి చూసినా అవి ఎర్రగానే ఉన్నాయంటే ఏదో వంగిందనో, అరిగిందనో, కీళ్లలో ఉండే రబ్బరు బుష్ చచ్చిందనో అర్థం. అంటే పాపం ఆ యంత్రం ‘కింద చూడండ్రా’ అని అరుస్తోంది. ఆ కేకనే రంగుల్లో ప్రింటు తీసి, మడిచి మన చేతిలో పెట్టి, “పర్లేదు సార్, తిరగొచ్చు” అంటారు.

బయటికొచ్చాక చూస్తే బండి తిన్నగానే పోతుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా ఉంటుంది. వెనక్కి వెళ్తాం. స్టీరింగ్ నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీలను, అంటే టై రాడ్లను, రెండువైపులా సమానంగా తిప్పితే పోయే లోపం అది. అంత ఓపిక ఎవడికుంది? స్టీరింగ్ చక్రాన్నే ఊడబీకి, ఒక పన్ను జరిపి, తిన్నగా బిగించేస్తాడు. గడియారం తప్పు చూపిస్తోందని ముల్లు పీకి సరైన అంకె మీద అతికించే ప్రతిభ ఇది.

   

ఇంతకీ కింద చూడటానికి ఎంత చదువు కావాలి? ఆటోనగర్‌లో పాతకాలం మేస్త్రీలు ఇప్పటికీ చేస్తారు. ముందు చక్రం జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపుతారు. కదిలితే బేరింగో, చక్రాన్ని బండికి పట్టి ఉంచే గుండ్రటి కీలు బాల్ జాయింటో. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే కదులుతోందా? టై రాడ్ చివరి కీలైన టై రాడ్ ఎండో, ఆ రాడ్లను అటూఇటూ జరిపే ర్యాకో. మధ్యలో ఒక వేలు ఆ కీలు మీద ఆనించి ఉంచుతారు. చెవికి వినపడని ‘టిక్’ వేలికి తెలుస్తుంది. ర్యాక్ మీది రబ్బరు తొడుగు చిరిగిందేమో నొక్కి చూస్తారు, చిరిగితే దుమ్మూ నీళ్లూ చేరి లోపల తుప్పే. చేతికి గ్రీజు అంటుతుంది, అయిదు నిమిషాలు పడుతుంది, ప్రింటు రాదు. అందుకే దానికి గౌరవం లేదు.

యంత్రం చూసేది ఆ క్షణాన చక్రం ఎటు నిలబడిందో అంతే. కీలు అరిగిన చక్రం గేటు దాటి మొదటి గుంతలో పడగానే ఇంకోవైపు నిలబడుతుంది. అరిగినవి మార్చాకే అలైన్‌మెంట్‌కి అర్థం ఉంటుంది. ఈ మాత్రం షెడ్డువాడికి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. కీలు బాగుచేస్తే మీరు మళ్లీ ఏడాది దాకా రారు, అది కూడా తెలుసు.

ఇందాకటి నుంచి నవ్వుతూనే చెబుతున్నాను గానీ, ఇక్కడ నవ్వు రావడం లేదు. మార్చామని చెప్పినచోట కూడా ఏం జరుగుతోందో ఒకసారి వంగి చూడండి. టై రాడ్ ఎండ్ నట్టు ఊడిపోకుండా చాలా పాత బండ్లలో అందులో స్ప్లిట్ పిన్ను పెడతారు. దాని ఖరీదు టీ ఖరీదంత కూడా ఉండదు. అది పెట్టకుండా ఏ కరెంటు తీగ ముక్కో మెలితిప్పి వదిలేసినవాణ్ని చూశాను. అసలు ఏమీ పెట్టనివాణ్నీ చూశాను. ఆ నట్టు ఊడితే బండి రిపేరుకి రావడం కాదురా, స్టీరింగ్ ఒకవైపు, చక్రం ఒకవైపు పోతాయి! మంగళగిరి దగ్గర హైవే మీద, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటే, పక్క నుంచి లారీ వెళ్తుంటే పోతాయి. బాల్ జాయింట్ జారిందంటే చక్రం మడతపడి కూలబడుతుంది. అట్టపెట్టె మీద కంపెనీ బొమ్మ అచ్చువేసి అమ్మే నకిలీ సరుకును ‘ఇదీ అదీ ఒకటే సార్’ అని బిగించే చేతులకు ఏం శిక్ష వెయ్యాలి? ఇంజన్ చెడితే బండి ఆగుతుంది. ఇవి చెడితే బండి ఆగదు. అంత తేడా ఉన్న పనిలో రెండు రూపాయల పిన్ను మిగుల్చుకునేవాణ్ని మెకానిక్ అనడానికి నాకు నోరు రావడం లేదు.

కనుక ఈసారి షెడ్డుకెళ్తే ప్రింటు అడక్కండి. చక్రం లేపి మీ ఎదురుగా ఊపమనండి, మీరూ ఒక చేయి వేయండి. బుష్‌లు మారిస్తే బోల్టులను బండి నేల మీద దించాకే ఆఖరి బిగింపు బిగించమనండి. గాల్లో బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడి, నాలుగు రోజులకే చిరుగుతుంది. మార్చిన పాత సామాను చేతికి ఇమ్మనండి. “పాతవి తుక్కులోకి వెళ్లిపోయాయి సార్” అన్నాడా, డబ్బులు కూడా అక్కడే వెతుక్కోమనండి.