మంత్రిగారి దృష్టికి తీసుకెళ్తాను

డబ్లిన్‌లో కిల్డేర్ స్ట్రీట్ మీద లీన్‌స్టర్ హౌస్ ఉంది, అదే ఐర్లాండ్ పార్లమెంటు. అందులో నాకు ఎక్కువ జాలేసేది ప్రధానమంత్రిని చూసి కాదు, ఎగువసభలో సభానాయకుడి కుర్చీలో కూర్చునేవాళ్ళని చూసి. శాఖ ఉండదు, దాని బడ్జెట్టూ ఉండదు, అధికారులకి ఫోన్ చేసి కేకలేసే అవకాశమూ అంతంతే, కానీ సభలో ఎవరికి ఏ గోడు వచ్చినా జవాబు మాత్రం వాళ్ళే చెప్పుకోవాలి.

ఆ సభ పేరు షానడ్. మొత్తం 60 మంది సెనేటర్లు. అందులో 11 మంది ప్రధానమంత్రి నామినేట్ చేసినవాళ్ళు, ఆరుగురు పట్టభద్రులు ఎన్నుకున్నవాళ్ళు, మిగతా 43 మంది వ్యవసాయం, కార్మికం, సంస్కృతి లాంటి ప్యానెళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. అసలు ఈ సభే వద్దని 2013లో రెఫరెండం పెడితే 51.7 శాతం మంది ఉండనివ్వండి అన్నారు. మన దగ్గరైతే 1985లో మండలిని తీసేశారు, 2007లో తెచ్చుకున్నారు, 2020లో మళ్ళీ తీసేద్దామని తీర్మానం చేసి 2021లో దాన్నీ వెనక్కి తీసుకున్నారు. జనాన్ని అడిగే శ్రమ మాత్రం మనం ఎప్పుడూ పెట్టుకోలేదు.

సరే, ఈ షానడ్‌లో ఆర్డర్ ఆఫ్ బిజినెస్ అని ఒక ఘట్టం ఉంటుంది. పేరుకి అది ఆ రోజు ఏ పనులు చేయాలో తేల్చుకునే సమయం. జరిగేదేమిటంటే, తలా రెండు మూడు నిమిషాలు తీసుకుని, ఒకాయన ఎక్కడో జరుగుతున్న యుద్ధం గురించి, పక్కనావిడ వాళ్ళ ఊరికి సాయంత్రం దాటితే బస్సు లేకపోవడం గురించి, వెనకాయన ఆసుపత్రిలో బెడ్లు లేక రోగుల్ని ట్రాలీల మీదే పడుకోబెట్టడం గురించి, ఇంకొకాయన తన కౌంటీ (మన జిల్లా లాంటిది) హర్లింగ్ జట్టు, అంటే కర్రలతో బంతిని కొట్టే అక్కడి ఆట జట్టు, కప్పు కొట్టడం గురించి మాట్లాడతారు, మధ్యలో గ్యాలరీలోకి ఏదో స్కూలు పిల్లలు వస్తే వాళ్ళకి స్వాగతం కూడా చెప్పేస్తారు. ఇదంతా అయ్యాక సభానాయకుడు లేచి పేరుపేరునా సమాధానం ఇవ్వాలి. ఈలోగా అడిగినవాళ్ళలో కొందరు కమిటీ మీటింగ్ ఉందని వెళ్ళిపోతారు. ఖాళీ కుర్చీకి కూడా జవాబు చెప్పాల్సిందే, ఎందుకంటే అన్నీ రికార్డులోకి వెళ్తాయి.

ఇలాంటి చోట రెండే మాటలు కాపాడతాయి. ఒకటి, మంత్రిగారి దృష్టికి తీసుకెళ్తాను. రెండోది, మీరు దీన్ని కమెన్స్‌మెంట్ మ్యాటర్‌గా పెట్టుకోండి. అంటే ముందే రాసిస్తే, సభ మొదట్లో ప్రభుత్వం తరఫున ఒక మంత్రి వచ్చి జవాబు చెబుతారు. వస్తారు, నిజమే. కాకపోతే చాలాసార్లు వచ్చేది వేరే శాఖ సహాయమంత్రి, చేతిలో సంబంధిత శాఖవాళ్ళు రాసిచ్చిన కాగితం. అందులో లేని ప్రశ్న అడిగితే ఆయన కూడా మంత్రిగారి దృష్టికే తీసుకెళ్తారు.

2025 హర్లింగ్ ఫైనల్లో హాఫ్‌టైమ్‌కి ఆరు పాయింట్ల ముందున్న కార్క్ కౌంటీ, చివరికి టిప్పరరీ కౌంటీ చేతిలో 15 పాయింట్ల తేడాతో ఓడింది. కార్క్‌వాళ్ళు కప్పు చూసి అప్పటికే ఇరవై ఏళ్ళు, ఆఖరుసారి 2005లో గెలిచారు. ఇక్కణ్ణించి నా ఊహ. తర్వాత సభ కూడిన రోజు టిప్పరరీ సెనేటర్ లేచి జట్టుని పొగిడారు. కార్క్ సెనేటర్ ఆ ఊసే ఎత్తకుండా, మా ఆసుపత్రిలో ట్రాలీల మీద రోగులు ఎప్పుడూ లేనంతమంది ఉన్నారని మొరపెట్టుకున్నారు. సభానాయకురాలు ఎవరు ఏమన్నారో గబగబా రాసుకుంటూ ఉంటే ఒక బాణం గుర్తు ఇటుది అటు పడింది, అంతే.

ఆవిడ లేచి, ముందు కార్క్ సెనేటర్ గారికి హృదయపూర్వక అభినందనలు అన్నారు. ఇది మామూలు విజయం కాదు, దీని వెనక ఎన్నో ఏళ్ళ కృషి ఉంది, ఈ రికార్డు వచ్చే ఏడాది మీరే బద్దలు కొట్టాలి అన్నారు. సభ గప్‌చిప్. ఎంత శ్రద్ధగా వింటున్నారో అనుకుని ఆవిడ గొంతు కాస్త తగ్గించి టిప్పరరీ వైపు తిరిగారు. సెనేటర్ గారూ, అక్కడ జరిగింది విని చాలా బాధపడ్డాను, ఏ కుటుంబానికీ ఇలాంటి పరిస్థితి రాకూడదు, మళ్ళీ జరగకుండా చూడమని మంత్రిగారి దృష్టికి తీసుకెళ్తాను.

టిప్పరరీ ఆయన లేచి, మేం గెలిచాం మేడం, మళ్ళీ జరగకుండా చూడటమేంటి అన్నారు. కార్క్ ఆయన మాత్రం ఆ రెండో సమాధానమే బాగుంది, అదే ఖాయం చేయమన్నారు. ఛైర్మన్ టైమ్ అయిపోయిందన్నారు. ఆవిడకి తోచిన దారి ఒక్కటే, సెనేటర్లిద్దరూ దీన్ని కమెన్స్‌మెంట్ మ్యాటర్‌గా పెట్టుకోవాలని కోరారు.

కార్క్ ఆయన నిజంగానే పెట్టుకున్నారు, ట్రాలీల గురించి. జవాబు చెప్పడానికి మత్స్యశాఖ సహాయమంత్రి వచ్చారు. ఆ కాగితం ఎవరు రాశారో, క్రీడాశాఖవాళ్ళా ఆరోగ్యశాఖవాళ్ళా, చివరిదాకా తేలలేదు. ఆయన మాత్రం తల ఎత్తకుండా చదివేశారు: కార్క్ ప్రజల ఆవేదన ప్రభుత్వానికి తెలుసు, 2005 నుంచీ తెలుసు.