పై అంతస్తులో ఘటోత్కచుడు

నిన్న ఆదివారం భోజనాలయ్యాక నాన్న కోసం టీవీలో ‘మాయాబజార్’ పెట్టాను. 2010లో రంగులద్ది విడుదల చేసింది పెట్టమని మా ఆవిడ, 1957 నాటి నలుపు తెలుపే కావాలని నాన్న. ఆ సినిమా వచ్చినప్పుడు ఆయనకు పదకొండేళ్లు, తెనాలిలో నేల టికెట్టులో చూశారు. కాబట్టి ఓటు విలువ ఎక్కువ. మార్కస్ బార్ట్‌లే వెన్నెల, ప్రియదర్శిని పెట్టె, సావిత్రి... అవన్నీ తలచుకుంటూ కూర్చుంటే అసలు సంగతికి రాలేను.

అసలు సంగతి ‘వివాహ భోజనంబు’ దగ్గర మొదలైంది. ఎస్వీ రంగారావు విందు ముందు కూర్చున్నారు. లడ్డూలు వాటంతటవే లేచి ఆయన నోట్లోకి వెళ్తున్నాయి. పాట కూడా బ్రహ్మాండంగా వినిపిస్తోంది. కాసేపటికి గానీ తెలియలేదు, పాడుతున్నది నాన్న. మాధవపెద్ది సత్యం గొంతు ఎప్పుడు ఆగిందో, నాన్న గొంతు ఎప్పుడు అందుకుందో మేమెవరం గమనించలేదు. టీవీలోంచి చిన్న చప్పుడైనా రావడం లేదు.

“అంత పాత రీలు కదండీ, అక్కడక్కడ సౌండు పోయుంటుంది” అంది మా ఆవిడ. సరే, పెంచి చూద్దామని రిమోట్ తీశాను. ఈ కొత్త రిమోట్ల మీద ఓటీటీలకు తలా ఒక బటన్ ఉంటుంది గానీ సౌండు ఎక్కడికి పోయిందో చెప్పే బటన్ మాత్రం ఉండదు. పెంచాను. ఇంకా పెంచాను. తెర మీది గీత ఆ చివరిదాకా వెళ్లి ఆగింది. ఎస్వీఆర్ తల వెనక్కి వాల్చి, భుజాలు ఎగరేస్తూ నిశ్శబ్దంగా నవ్వుతున్నారు.

ఆ నవ్వు సరిగ్గా మా నెత్తిమీద ఉన్న ఫ్లాట్‌లో వినిపిస్తోంది.

అది మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి ఫ్లాట్. కిందటి వారం ఆయన కొత్త సౌండ్‌బార్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చారు. లోపం దానిలో ఉందో, వాళ్ల టీవీలో ఉందో తేల్చడానికి మా టీవీకి కలిపి చూడాలన్నారు. తానే కలిపారు, తానే తీసుకెళ్లారు. మా టీవీలోంచి దాన్ని తొలగించాలని ఆయనకూ తోచలేదు, అడగాలని మాకేం తెలుసు? బ్లూటూత్‌కి స్లాబు అడ్డం కాదట. నిన్న సాయంత్రం ఆయన దాన్ని ఆన్ చేయగానే అది తన పాత చుట్టాన్ని వెతుక్కుంటూ నేరుగా మా హాల్లోకి దిగింది.

ఇంతకీ ఆన్ చేసింది ఎందుకంటే, వాళ్లమ్మాయికి పెళ్లిచూపులు. సన్నగా వీణ వినిపిస్తే బాగుంటుందనుకున్నారు. ఫోన్ కలిపేలోపే ఘటోత్కచుడు వచ్చాడు. పైన పనిచేసే అమ్మాయి చెప్పిన ప్రకారం, పెళ్లికూతురు ట్రే పట్టుకుని గడప దాటగానే మొదటి నవ్వు పడింది. ట్రేలో ఉన్నవి లడ్డూ, మిక్చరు. పాటలోనేమో గారెలు, బూరెలు, అప్పడాలు, పులిహోర, దప్పళం వరసగా వస్తున్నాయి. పెళ్లికొడుకు మేనత్త “అయ్యో, ఇన్ని చేశారా!” అందట. అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో ఇప్పటికీ తేలలేదు. సెక్రటరీ గారు పైన తగ్గిస్తున్నారు, నేను కింద పెంచుతున్నాను. ప్లగ్గు పీకేద్దామంటే అది సోఫా వెనకాల ఉంది, సోఫాలో కాబోయే వియ్యంకుడు గారున్నారు. “ఒక్కసారి లేస్తారా” అని ఆయన్ని అడిగేసరికి, ఇక బయల్దేరమంటున్నారేమోనని ఆ కుటుంబమంతా లేచి నిలబడిందట.

మా బెల్లు మోగింది. తలుపు తీస్తే సెక్రటరీ గారు, ముఖం జేగురు రంగులో. బాల్కనీలో బట్టలారేయడం మీద కూడా నోటీసు పెట్టే మనిషి. ఆయన నోరు తెరిచేలోపే వెనకనుంచి ఓ పెద్దాయన ముందుకొచ్చారు. పెళ్లికొడుకు తాతగారు.

“నలుపు తెలుపా, రంగులదా?”

“నలుపు తెలుపేనండీ.”

“అయితే సరే” అంటూ వచ్చి నాన్న పక్కన కూర్చున్నారు. పైన ప్లగ్గు పీకడంతో సౌండు మా టీవీకి తిరిగొచ్చింది, వచ్చింది కూడా నేను పెంచిపెట్టిన లెవెల్లోనే. పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కించుకునేదాకా తాతగారు కదల్లేదు. ఆయన కాఫీని సెక్రటరీ గారే మెట్లు దిగి తెచ్చి ఇచ్చారు.

ఈ పొద్దున అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నోటీసు. “ఇతరులకు ఇబ్బంది కలిగేలా సినిమాలు చూసే ఫ్లాట్లకు ఐదు వందలు జరిమానా.” సౌండ్‌బార్ ఎవరిదో, దాన్ని మా టీవీకి ఎవరు కలిపారో అందులో ఒక్క ముక్క లేదు. కింద పదిమంది బొటనవేళ్లు కూడా పెట్టారు.

తాతగారు కళ్లజోడు మా టీపాయ్ మీద మర్చిపోయి వెళ్లారు. దాన్ని పైకి ఎవరు తీసుకెళ్లి ఇవ్వాలా అని మా ఇంట్లో పొద్దుట్నుంచి వాదన.