ఆ రెండో ‘లో జీ’ స్వరం వినిపిస్తోందా?
బ్యాగ్‌పైప్‌లో అలంకారాలు (ప్రధాన స్వరాల మధ్య చకచకా వేసే చిన్న స్వరాలు) వేగం పెరిగేకొద్దీ వాటంతటవే కుదురుతాయని ఒక వ్యాసంలో చదివాను. నా అనుభవం వేరండీ. స్కాట్లాండ్ హైలాండ్ పైపులో గాలి ఆగదు, నాలుకతో స్వరాన్ని తుంచే వీలే లేదు. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో గ్రేస్ నోట్, అంటే క్షణమాత్రం మోగే చిన్న స్వరం, పడాల్సిందే. నేను టోర్లువ అనే అలంకారాన్ని తొందరపడి నేర్చుకున్నాను. దాని క్రమం ఇది: ‘లో జీ’ (ఈ పైపులో అన్నిటికన్నా కింది స్వరం), ‘డి’ గ్రేస్ నోట్, మళ్లీ లో జీ, ‘ఈ’ (E) గ్రేస్ నోట్, తర్వాత ‘లో ఏ’. ఆ రెండో లో జీ నా వేళ్ల కింద మాయమైపోయేది! దాన్ని సరిచేసుకోవడానికి ప్రాక్టీస్ చాంటర్ (సంచి లేని సాధన పైపు) మీద ఎనిమిది నెలలు పట్టింది. చిటికెన వేలితో వేసే బర్ల్ అనే అలంకారం అయితే ఇంకా కుదరలేదు, చిటికెన వేలు బిగుసుకుపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక్కో స్వరం చెవికి విడిగా వినిపించేదాకా దయచేసి వేగం పెంచకండి.